రింగులు కొనే ముందు క్రాంక్ పిన్ కొలవండి: గార్డెన్ ట్రాక్టర్ ఇంజన్ ఇంట్లో రీబిల్డ్ చేయడం గురించి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. 12 హెచ్‌పి కోహ్లర్ కె301, ఒకటే సిలిండర్, పోత ఇనుము బ్లాకు. స్టార్ట్ చేసిన దగ్గర్నుంచి ఆపేదాకా నీలం పొగ, ఆయిల్ తగ్గిపోతోంది, గడ్డి ఒత్తుగా ఉన్నచోట లోడు పడగానే కింద నుంచి టక్ టక్ అని శబ్దం. రింగులూ గాస్కెట్ సెట్టూ తెప్పించి ఇంట్లోనే వేసేయొచ్చా అని అడిగారు. ఇంట్లో చేయొచ్చండీ. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఇంజన్ దొరకదు, అన్నీ పెద్ద పెద్ద పార్టులు, అన్నీ కంటికి కనిపిస్తాయి. కానీ రింగులు మాత్రం ఇప్పుడే కొనకండి. మీరు పొగ గురించి నాలుగు లైన్లు రాసి శబ్దం గురించి ఒక్క ముక్కలో వదిలేశారు, నాకేమో ఆ శబ్దమే ఎక్కువ భయంగా ఉంది.

ఎందుకంటే ఈ ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) అల్యూమినియం. దానికి కారులో ఉన్నట్టు విడిగా బేరింగ్ షెల్స్ ఉండవు, రాడ్ లోహమే నేరుగా క్రాంక్ పిన్ (క్రాంక్‌షాఫ్ట్‌లో రాడ్ పట్టుకునే గుండ్రటి భాగం) మీద తిరుగుతుంది. ఆయిల్ పంపు కూడా లేదు. రాడ్ క్యాపుకి కింద చిన్న గరిటె లాంటి డిప్పర్ ఉంటుంది, అది ప్రతి తిప్పుకీ అడుగున ఉన్న ఆయిల్‌ని చిమ్ముతూ ఉంటుంది, ఆ తుంపరే అన్నిటికీ ఆధారం. పొగ వస్తోందంటే ఆయిల్ తగ్గుతోంది, ఆయిల్ తగ్గితే డిప్పర్‌కి సరిగ్గా అందదు, అందకపోతే ముందు నష్టపోయేది రాడ్. అంటే మీ రెండు సమస్యలూ ఒకదానికొకటి ముడిపడి ఉండే అవకాశం చాలా ఎక్కువ. కాబట్టి ఇది సరిచేసేదాకా దాంతో ఇంకొక్క చుట్టు కూడా గడ్డి కోయకండి. ఆ రాడ్ విరిగితే బ్లాకు పక్కన కన్నం పెట్టి బయటికొస్తుంది, అప్పుడు రీబిల్డ్ చేయడానికి ఇంజనే మిగలదు.

విప్పే ముందు ఒక గంట పరీక్షలకి కేటాయించండి. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే కార్బురేటర్ నీడిల్ మూసుకోక పెట్రోల్ కిందికి దిగుతోందని అర్థం, పల్చబడిన ఆయిల్ రింగులు బాగున్నా పైకెక్కి కాలుతుంది. తర్వాత బ్రీదర్, అంటే క్రాంక్‌కేసులోని గాలి బయటికి పోయే దారి. క్రాంక్‌కేసులో కొంచెం వాక్యూమ్ నిలబడేలా చూసేది అందులో ఉండే చిన్న రీడ్ వాల్వ్. అది బంకపట్టినా, వంగినా, తిరగేసి బిగించినా లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్‌ని సీళ్లలోంచీ రింగుల పక్కనుంచీ తోసేస్తుంది. రీబిల్డ్ అయిపోయాక కూడా పొగ ఆగలేదని తల పట్టుకున్న ఒకాయన ఇంజన్‌లో చివరికి దొరికింది ఆ రీడ్ తిరగబడి ఉండటమే.

కంప్రెషన్ గేజ్ పెట్టి అంకె తక్కువొచ్చిందని కంగారుపడొద్దు. స్టార్టింగ్ తేలికవ్వడానికి క్యామ్‌షాఫ్ట్ మీద ఒక కంప్రెషన్ రిలీజ్ ఉంటుంది, నెమ్మదిగా తిరిగేటప్పుడు అది ఎగ్జాస్ట్ వాల్వ్‌ని కొంచెం ఎత్తి పట్టుకుంటుంది, అందుకే గేజ్ ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. దానికి బదులు లీక్‌డౌన్ చేయండి, అంటే గాలి ఎక్కించి ఎక్కడ కారుతోందో చూసే పరీక్ష. పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్ పైకొనకి తెచ్చి, ఫ్లైవీల్ కదలకుండా గట్టిగా పట్టించి (గాలి పిస్టన్‌ని కిందికి తోసి క్రాంక్‌ని గిర్రున తిప్పుతుంది, చేతులు జాగ్రత్త), ప్లగ్ కన్నంలోంచి కంప్రెసర్ గాలి ఎక్కించి చెవి పెట్టి వినండి. కార్బురేటర్‌లో బుసబుస అంటే ఇన్‌టేక్ వాల్వ్, సైలెన్సర్‌లో అంటే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ పోసే కన్నంలోనో బ్రీదర్‌లోనో అంటే రింగులూ, బోరూ (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గొట్టం). హెడ్ అంచుల్లో సబ్బు నురగ రాసి చూస్తే గాస్కెట్ సంగతి కూడా తేలిపోతుంది.

శబ్దానికి వేరే పరీక్ష. ప్లగ్ తీసేసి, ఫ్లైవీల్‌ని రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెంగా ఆడిస్తూ పిస్టన్ మీద సన్నటి స్క్రూడ్రైవర్ నిలబెట్టి చూడండి. ఫ్లైవీల్ కదిలినా స్క్రూడ్రైవర్ కాసేపు కదలకుండా ఉండి తర్వాత టక్కున కదిలితే రాడ్ వదులైనట్టే. ఈ పరీక్ష పిస్టన్ సగం దారిలో ఉన్నప్పుడు చేయాలి, పైకొన దగ్గర చేస్తే పిస్టన్ ఎలాగూ కదలదు, మోసపోతారు.

ఇక విప్పడం. దీని గురించి ఎక్కువ చెప్పను, ప్రతి పార్టూ తీసే ముందు ఫోటో, ప్రతి బోల్టుల గుంపుకీ ఒక కవరు, కవరు మీద పేరు. గవర్నర్ (ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచేది) లింకులు, స్ప్రింగులు ఏ కన్నంలో ఉన్నాయో మాత్రం దగ్గర్నుంచి నాలుగైదు ఫోటోలు తీసుకోండి, ఆ తర్వాత అవి ఎవరికీ గుర్తుండవు. ఆయిల్ తెల్లటి గిన్నెలోకి వంపి ఎండలో చూడండి. తళతళ మెరుస్తూ అయస్కాంతానికి అంటని రజను ఉంటే అది అల్యూమినియం, చాలావరకు రాడ్‌దే. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము, అది ఏ రింగుదో, గేర్‌దో, బేరింగ్‌దో వెతకాలి.

మూడు చోట్ల మాత్రం తొందరపడితే పార్టు పోతుంది. ఫ్లైవీల్‌ని సుత్తితో క్రాంక్ కొన మీద కొట్టి తీయొద్దు, పుల్లర్ వాడండి. బోరు పైభాగంలో రింగులు తిరగని చోట ఒక గట్టు మిగిలిపోయి ఉంటుంది, గోరుకి తగులుతుంది. అది తీయకుండా పిస్టన్‌ని పైకి తోస్తే రింగు దానికి తగిలి పిస్టన్ గాడి అంచు పగులుతుంది, బాగున్న పిస్టన్ అక్కడే పోతుంది. రిడ్జ్ రీమర్‌తో ఆ గట్టు తీసేశాకే పిస్టన్ బయటికి. మూడోది, క్యామ్‌షాఫ్ట్ తీసేటప్పుడు బ్లాకుని తలకిందులు చేసి పెట్టుకోండి, ట్యాపెట్లు (క్యామ్ కదలికని వాల్వులకి అందించేవి) క్యామ్ మీద పడకుండా వెనక్కి జారి ఉంటాయి. బిగించేటప్పుడు కూడా ముందు ట్యాపెట్లు, తర్వాతే క్యామ్.

ఇప్పుడు అసలు పని. నా దృష్టిలో రీబిల్డ్ అంటే కొలవడమే, మిగతాదంతా బోల్టులు విప్పడం, బిగించడం. నేను చేసిన రెండో ఇంజన్‌లో రాడ్ వదులుగా ఉంటే కొత్త రాడ్ తెప్పించి వేసేశాను. పిన్ నున్నగా మెరుస్తోంది కదా, గీతలు లేవు కదా అనుకున్నాను, కొలవలేదు. ఏడెనిమిది గంటలు బాగా నడిచి మళ్లీ అదే శబ్దం మొదలైంది, రేపు చూద్దాంలే అని నడిపిన రోజే రాడ్ విరిగింది. ఆ తర్వాత కొలిస్తే పిన్ ఒక దిశలో రెండున్నర థౌ అరిగి కోడిగుడ్డు ఆకారంలో ఉంది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, సుమారు 0.025 మి.మీ. కన్ను దాన్ని పట్టుకోలేదు, వేలు కూడా పట్టుకోలేదు. ఆ బ్లాకు ఎంత మంచిదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మీ ఇంజన్‌లో కొత్త క్రాంక్ పిన్ 1.500 అంగుళాలు, అంటే 38.1 మి.మీ. రాడ్‌కీ పిన్‌కీ మధ్య ఉండాల్సిన సందు ఒకటి నుంచి రెండు థౌలు మాత్రమే. పిన్ గుండ్రదనంలో తేడా అర థౌ దాటకూడదు. అర థౌ తేడా వెర్నియర్ కాలిపర్‌తో తెలియదు, మైక్రోమీటర్ కావాల్సిందే, లేకపోతే ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకోండి. పిన్‌ని రెండు చివర్లా, మధ్యలో, ప్రతి చోటా ఒకదానికొకటి అడ్డంగా రెండు దిశల్లో కొలిచి ఆరు అంకెలూ కాగితం మీద రాయండి. అరిగి ఉంటే పిన్‌ని 10 థౌలు తగ్గించి గ్రైండ్ చేయించి, దానికి సరిపోయే 10 థౌ అండర్‌సైజు రాడ్ వేస్తారు, ఈ సిరీస్‌కి ఆ రాడ్‌లు దొరుకుతాయి. పిన్ మీద అల్యూమినియం అతుక్కుని ఉంటే అరిగిపోయిందని అప్పుడే తేల్చేయకండి. కాస్టిక్ సోడా కలిపిన నీళ్లు గుడ్డతో అక్కడక్కడ అద్దుతూ పోతే అల్యూమినియం కరిగిపోతుంది, ఉక్కుకి ఏమీ కాదు, తర్వాత బాగా కడిగి ఆయిల్ రాసి కొలవండి. చేతికి గ్లవుజులు, కంటికి అద్దాలు, చుట్టూ గాలి ఆడాలి, నిప్పు దగ్గర లేకుండా చూసుకోండి, ఎందుకంటే ఆ చర్యలో హైడ్రోజన్ వస్తుంది. పిస్టన్, హెడ్ లాంటి అల్యూమినియం పార్టుల దరిదాపుల్లోకి ఆ గిన్నె రానివ్వొద్దు.

తర్వాత బోరు. కొత్తప్పుడు ఇది 3.375 అంగుళాలు, 85.7 మి.మీ. దగ్గర. పైన, మధ్యన, కింద, ప్రతి చోటా క్రాంక్ వెంబడి ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి కొలవాలి. బోరు గేజ్ లేదని ఆగిపోకండి. ఒక కంప్రెషన్ రింగు తీసుకుని బోరు పైభాగంలో, రింగులు తిరిగే చోట పెట్టి, పిస్టన్‌ని తలకిందులుగా తోసి రింగు వంకర లేకుండా సర్ది, కొసల మధ్య సందుని ఫీలర్ గేజ్‌తో కొలవండి. అదే రింగుని బోరు అడుగున, అరగని చోట పెట్టి మళ్లీ కొలవండి. రెండు సందుల తేడాని 3.14తో భాగిస్తే పైన బోరు ఎంత వెడల్పైందో వచ్చేస్తుంది. పైన సందు అడుగు కన్నా 0.31 మి.మీ. ఎక్కువుంటే బోరు పైన 0.1 మి.మీ. అరిగినట్టు. ఇది గుండ్రదనం పోయిందో లేదో చెప్పదు గానీ, పైకీ కిందకీ ఉన్న తేడా మాత్రం బాగానే చెబుతుంది.

పైభాగమే ఎందుకు ఎక్కువ అరుగుతుందంటే అక్కడ వేడి ఎక్కువ, ఆయిల్ తక్కువ, ఎయిర్ ఫిల్టర్ పక్కనుంచి దూరిన దుమ్ము ముందు తగిలేది కూడా అక్కడే. అలా గరాటులా అరిగిన బోరులో కొత్త రింగులు వేస్తే అవి పైకి వెళ్లినప్పుడు విచ్చుకుంటూ, కిందికి వచ్చినప్పుడు ముడుచుకుంటూ ఆ గోడకి ఎప్పటికీ సరిగ్గా సర్దుకోవు. కొన్నాళ్లకే మళ్లీ పొగ వస్తుంది, రింగులు మంచివి కావని మనం అనుకుంటాం. అందుకే కొనకండి అన్నాను. కొత్త బోరులో రింగు సందు 10 నుంచి 20 థౌలు ఉండాలి, పాత బోరులో వాడుకుంటే 30 థౌలు దాటకూడదు. దాటితే రీబోర్ (బోరుని కొంచెం పెద్దదిగా కోయడం) చేయించి 10, 20, 30 థౌ ఓవర్‌సైజుల్లో ఏది సరిపోతే ఆ పిస్టన్. ఇక్కడ క్రమం ముఖ్యం, ముందు పిస్టన్ తెప్పించి, దాన్ని చేతిలో పెట్టి బోరు చేయమనండి. పిస్టన్ లేకుండా ముందే బోరు చేయించుకుంటే తర్వాత వచ్చిన పిస్టన్‌కి సందు ఎక్కువో తక్కువో అవుతుంది.

బోరు కొలతల్లోనే ఉంటే హోనింగ్, అంటే డ్రిల్‌కి పెట్టిన రాళ్లతో గోడని రుద్దడం, మీరే చేసుకోవచ్చు. డ్రిల్ నెమ్మదిగా తిరగాలి, చెయ్యి వేగంగా పైకీ కిందికీ ఆడాలి, గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ వలలా పడాలి, నూనె ధారాళంగా ఉండాలి. పాత మెరుపు పోయి అంతటా ఒకే మసక రంగు రాగానే ఆపేయాలి. అరుగుదలని హోన్‌తో సరిచేద్దామని రుద్దుకుంటూ పోవద్దు, అది గోడని గరుకు చేయడానికే గానీ ఆకారం మార్చడానికి కాదు.

ఆ తర్వాత కడగడం, ఇందులో మాత్రం మొహమాటం లేకుండా చెబుతున్నాను, పెట్రోల్‌తో కడిగి ఊరుకోవద్దు. పెట్రోల్, కిరోసిన్ జిడ్డుని తీసుకుపోతాయి, హోన్ రాయి పొడిని ఆ గీతల్లోనే వదిలేస్తాయి. వేడి నీళ్లు, బట్టల సబ్బు, గట్టి బ్రష్. రెండుసార్లు, మూడుసార్లు, నురగ తెల్లగా వచ్చేదాకా. ఆరగానే తెల్లటి గుడ్డకి శుభ్రమైన ఆయిల్ అద్ది బోరు తుడవండి, గుడ్డ మీద బూడిదరంగు కనిపిస్తే మళ్లీ కడగాలి. నేను ఐదోసారి కడిగిన రోజులు కూడా ఉన్నాయి. ఆ పొడి లోపల మిగిలితే కొత్త రింగుల్నీ కొత్త రాడ్‌నీ మొదటి గంటలోనే ఆకురాయిలా అరగదీస్తుంది. శుభ్రం కాగానే ఆయిల్ రాసేయండి, పోత ఇనుము తడి మీద నిమిషాల్లో తుప్పు పడుతుంది.

వాల్వులు తేలికే. ఈ ఇంజన్‌లో వాల్వులు బ్లాకులోనే ఉంటాయి, హెడ్ ఉత్త మూత. స్ప్రింగులు నొక్కి కీపర్లు (స్ప్రింగుని వాల్వ్ కొనకి పట్టి ఉంచే చిన్న ముక్కలు) తీసే ముందు ట్యాపెట్ గదిలో కిందికి దారితీసే కన్నాల్లో గుడ్డ కుక్కండి, కీపర్ క్రాంక్‌కేసులోకి పడిందంటే దాన్ని వెతకడమే ఒక పని. వాల్వ్ ముఖం మీద గుంటలు లేకపోతే గ్రైండింగ్ పేస్టు పెట్టి చేత్తో రుద్దితే చాలు, సీటు చుట్టూ తెగకుండా బూడిదరంగు గీత రావాలి. వాల్వ్‌కీ ట్యాపెట్‌కీ మధ్య సందు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్‌కి 8 నుంచి 10 థౌలు, ఎగ్జాస్ట్‌కి 17 నుంచి 20 థౌలు. ఎగ్జాస్ట్ బాగా కాలుతుంది, వేడికి సాగుతుంది, అందుకే దానికి దాదాపు రెట్టింపు. ఈ సర్దుబాటు కార్బురేటర్ ఎక్కించకముందే చేసుకోండి, తర్వాత చెయ్యి పట్టదు.

మీ ఇంజన్‌లో బ్యాలెన్స్ గేర్లు ఉన్నాయేమో చూడండి, ఈ సిరీస్‌లో కొన్నింటికి క్రాంక్‌కేసులో రెండు బరువైన గేర్లు వైబ్రేషన్ తగ్గించడానికి పెట్టారు. వాటి బేరింగులు అరిగి ఒక్క గేరు ఊడినా బ్లాకుని పగలగొట్టేస్తుంది. చాలామంది రీబిల్డ్ చేసేటప్పుడు తీసేస్తారు, నేనూ తీసేస్తాను. వైబ్రేషన్ కొంచెం పెరుగుతుంది, అది నాకు పర్వాలేదు. ఉంచాలనుకుంటే మాత్రం బేరింగులు కొత్తవి వేయాలి, క్రాంక్‌తో వాటి టైమింగ్ కచ్చితంగా కుదరాలి.

బిగించేటప్పుడు ప్రతి పార్టుకీ ఆయిల్ పట్టించండి. క్రాంక్, క్యామ్ గేర్ల మీద గుర్తులు ఎదురెదురుగా రావాలి. బేరింగ్ ప్లేటు బిగించాక క్రాంక్ ముందుకీ వెనక్కీ ఆడే ఆట 3 నుంచి 20 థౌల మధ్య ఉండాలి, ప్లేటు కింద గాస్కెట్ మందం మార్చి దాన్ని సర్దుతారు. రింగుల మీద పైవైపు గుర్తు ఉంటుంది, తిరగేస్తే స్క్రేపర్ రింగు ఆయిల్‌ని కిందికి గీకే బదులు పైకి ఎక్కిస్తుంది. మూడు రింగుల సందులూ ఒకే వరసలో రాకుండా మూడు దిక్కులకి తిప్పండి. పిస్టన్ మీద ఫ్లైవీల్ వైపు గుర్తు ఉంటే అటే. రింగ్ కంప్రెసర్ పెట్టి సుత్తి చెక్కపిడితో మెల్లగా తోయండి, ఎక్కడైనా ఆగితే ఆపండి, రింగు బయటికొచ్చిందన్నమాట. బలం వాడితే విరుగుతుంది.

రాడ్ క్యాపు మీదా రాడ్ మీదా ఉన్న గుర్తులు కలవాలి, డిప్పర్ సరైన వైపు ఉండాలి. చివరి బిగింపుకి ముందు ప్లాస్టిగేజ్ తీగ ఒక ముక్క పిన్ మీద పెట్టి బిగించి విప్పి, అది ఎంత వెడల్పు నలిగిందో చూసి సందుని సరిచూసుకోండి, మీ మైక్రోమీటర్ అంకెకీ దీనికీ పొంతన కుదరాలి. ఇక టార్క్. బోల్టు రకం రాడ్‌కి ఈ ఇంజన్‌లో 285 అంగుళాల పౌండ్లు, అడుగుల పౌండ్లు కాదు. 285 అంగుళాల పౌండ్లంటే 24 అడుగుల పౌండ్లకి కొంచెం తక్కువ. కారు పనికి వాడే పెద్ద టార్క్ రెంచ్ ఇంత తక్కువ అంకెల దగ్గర నమ్మకంగా ఉండదు, చిన్నది తీసుకోండి. నట్లతో వచ్చే రాడ్‌లకి టార్క్ వేరు, కాబట్టి మీకొచ్చిన రాడ్‌తో ఉన్న కాగితం చదివి ఆ అంకెకే బిగించండి. బిగించాక చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి, ఎక్కడా పట్టకూడదు, తగలకూడదు.

హెడ్‌ని మందపాటి గాజు మీద ఎమెరీ కాగితం పరిచి నాలుగుసార్లు రుద్దితే వంకర ఎక్కడుందో కనిపిస్తుంది, మెరుపు అంతటా ఒకేలా వచ్చేదాకా రుద్దండి. బోల్టులు ఒక్కసారిగా కాకుండా మూడు విడతల్లో, మాన్యువల్‌లో చెప్పిన వరసలో, చివరికి 25 నుంచి 30 అడుగుల పౌండ్లు. ఫ్లైవీల్ కూర్చునే టేపర్ (క్రాంక్ కొనలో సన్నబడే భాగం) రెండువైపులా పొడిగా, జిడ్డు లేకుండా ఉండాలి. అక్కడ పట్టు టేపర్‌దే, మధ్యలో పెట్టే చిన్న లోహపు ముక్క, అంటే కీ, పని టైమింగ్ స్థానం చూపించడం వరకే. పాత కీ కొంచెం నలిగి ఉన్నా కొత్తది వేయండి. ఇగ్నిషన్ పాయింట్ల సందు 20 థౌలు. బ్లాకు చుట్టూ రెక్కల మధ్య పేరుకున్న గడ్డి, మట్టి మొత్తం గీకేయండి, గాలి ఆడని ఇంజన్‌కి ఎన్ని కొత్త పార్టులు వేసినా మళ్లీ అదే గతి పడుతుంది.

గవర్నర్ లింకులు ఫోటోల ప్రకారమే పెట్టండి, ఇంజన్ స్టార్ట్ అవ్వగానే చెయ్యి కిల్ స్విచ్ మీదే ఉండాలి. వేగం 3600 దాటి పరుగు తీస్తే వెంటనే ఆపేయండి, ఆ వేగంలో నడిస్తే కొత్త రాడ్ కూడా విరగొచ్చు.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఆయిల్ పోసి, ప్లగ్ తీసేసి ఒక పావు నిమిషం స్టార్టర్‌తో తిప్పితే అంతటా ఆయిల్ చిమ్ముతుంది. స్టార్ట్ అయ్యాక నెమ్మదిగా ఐడిల్‌లో వదిలేయొద్దు, చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. రింగుల్ని గోడకి అదిమేది కంప్రెషన్, పేలుడు ఒత్తిడే, లోడు లేకపోతే అవి సర్దుకోవు, గోడ మెరుపెక్కిపోతుంది. కొన్ని నిమిషాలు మధ్యస్థ వేగంలో వేడెక్కించి, తేలిక పనికి పెట్టి, లోడు పెంచుతూ తగ్గిస్తూ నడపండి. మొదట్లో కొంచెం పొగ వస్తుంది, కంగారుపడొద్దు, కొన్ని గంటల్లో తగ్గాలి. 5 గంటలకి ఆయిల్ మార్చేయండి, మళ్లీ ఆ తెల్ల గిన్నెలోకే వంపి చూడండి. పూర్తిగా చల్లారాక హెడ్ బోల్టులు కూడా ఒకసారి టార్క్ సరిచూడండి, గాస్కెట్ కొంచెం అణుగుతుంది.

ఈ వారం మీరు చేయాల్సింది లీక్‌డౌన్, స్క్రూడ్రైవర్ పరీక్ష, తర్వాత విప్పి పిన్ మీద ఆరు అంకెలు, బోరులో రింగు సందు పైనా కిందా. ఆ ఎనిమిది అంకెలూ ఇక్కడే రాయండి. ఏ పార్టు ఏ సైజులో తెప్పించాలో అవి చూసి కలిసి తేలుద్దాం.